పాయింట్ గార్డ్‌కి ఏది మేలు: తొందరగా ఎన్‌బీఏనా, మూడేళ్ల కాలేజీనా?

అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలున్న మనవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. పాయింట్ గార్డ్ అంటే బంతి చేతబట్టి జట్టు ఆటని నడిపించేవాడు. హైస్కూల్ నుంచి నేరుగా ఎన్‌బీఏకి, అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌కి, వెళ్లే దారి 2006 డ్రాఫ్ట్‌తోనే (జట్లు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే పద్ధతి) మూసుకుపోయింది కాబట్టి ఇప్పుడు తేల్చుకోవాల్సింది కాలేజీలో ఒక్క ఏడాదా, మూడు నాలుగేళ్లా అన్నదే. కానీ ఆ పాత దారిన వెళ్లినవాళ్లని చూస్తేనే తేడా బాగా తెలుస్తుంది.

ఇద్దరు న్యూయార్క్ కుర్రాళ్లని తీసుకుందాం. సెబాస్టియన్ టెల్ఫెయిర్‌ది బ్రూక్లిన్‌లోని కోనీ ఐలండ్. లింకన్ హైస్కూల్‌ని వరుసగా మూడేళ్లు సిటీ ఛాంపియన్‌గా నిలిపాడు, లూయివిల్ యూనివర్సిటీలో చేరతానని మాటిచ్చి, మనసు మార్చుకుని 2004 డ్రాఫ్ట్‌కి వెళ్లాడు. పోర్ట్‌లాండ్ జట్టు 13వ పిక్‌గా, అంటే పదమూడో ఎంపికగా, తీసుకుంది. కెంబా వాకర్‌ది బ్రాంక్స్, ఆడింది హార్లెంలోని రైస్ హైస్కూల్‌కి. మూడేళ్లు కనెక్టికట్ యూనివర్సిటీలో ఉండి 2011లో 9వ పిక్‌గా షార్లెట్‌కి వెళ్లాడు. ఇద్దరూ ఇంచుమించు ఆరడుగులవాళ్లే, ఇద్దరిదీ వేగమే బలం.

డబ్బు వరకూ అయితే టెల్ఫెయిర్‌ని తప్పుపట్టలేం. డ్రాఫ్ట్‌కి ముందే ఆడిడాస్‌తో కాంట్రాక్ట్ కుదిరింది. పేదింటి కుర్రాడు, ఒక్క మోకాలి దెబ్బతో అంతా పోయే ఆట, చేతికొచ్చింది వదులుకోమని చెప్పడానికి మనమెవరం?

నా లెక్కలో తేల్చేది డబ్బు కాదు, ప్రాక్టీస్. ఎన్‌బీఏలో సీజన్‌కి 82 మ్యాచ్‌లు, మధ్యలో ప్రయాణాలు, కూర్చుని నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. పైగా పాయింట్ గార్డ్ అంటే మిగతా నలుగురికీ ఎక్కడ నిలబడాలో చెప్పాలి, పందొమ్మిదేళ్ల పిల్లాడు చెబితే ముప్ఫై దాటినవాళ్లు వింటారా? పోర్ట్‌లాండ్‌లో డేమన్ స్టౌడమైర్, నిక్ వాన్ ఎక్సెల్ లాంటి అనుభవమున్న గార్డులు ఉన్నారు. టెల్ఫెయిర్ పదేళ్లు లీగ్‌లో నిలిచాడు, అది చిన్న విషయం కాదు, కానీ జట్లు మారుతూనే ఉన్నాడు, షూటింగ్ చివరిదాకా కుదరలేదు.

కెంబా కూడా మొదటి ఏడాది ఎ.జె. ప్రైస్ అనే సీనియర్ వెనకే ఉన్నాడు. కానీ అక్కడ మ్యాచ్‌ల కంటే ప్రాక్టీసే ఎక్కువ, చుట్టూ ఉన్నది తన ఈడు వాళ్లే. మూడేళ్లలో సగటు 8.9 పాయింట్ల నుంచి 14.6కి, తర్వాత 23.5కి చేరింది. 2011లో బిగ్ ఈస్ట్ (కనెక్టికట్ ఆడే కాలేజీల లీగ్) టోర్నీలో ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిపించి, ఆపైన జాతీయ టైటిల్ కూడా పట్టుకొచ్చాడు. తర్వాత ఎన్‌బీఏలో నాలుగుసార్లు ఆల్‌స్టార్ (ఏటా మేటి ఆటగాళ్లతో ఆడించే మ్యాచ్‌కి ఎంపిక). (మూడు పాయింట్ల షాట్ మాత్రం ఎన్‌బీఏలో నాలుగేళ్లు గడిచాకే కుదిరింది, అదీ చెప్పుకోవాలి.)

ఇద్దరిని చూసి తేల్చేస్తే ఎలా అంటారా? టెల్ఫెయిర్ ఉన్న అదే 2004 డ్రాఫ్ట్‌లో, అదే ఎత్తు ఉన్న జమీర్ నెల్సన్, సెయింట్ జోసెఫ్స్ యూనివర్సిటీలో నాలుగేళ్లు ఆడి 20వ పిక్‌గా వచ్చాడు. 2009లో ఆల్‌స్టార్ అయ్యాడు, పద్నాలుగు సీజన్లు ఆడాడు.

ఎదురు ఉదాహరణలు లేకపోలేదు. టెల్ఫెయిర్ కజిన్ స్టెఫాన్ మార్బరీ, అదే లింకన్ స్కూలు, జార్జియా టెక్‌లో ఒక్క ఏడాది ఆడి 1996లో 4వ పిక్. షికాగో సిమియన్ స్కూలు నుంచి వచ్చిన డెరిక్ రోజ్ మెంఫిస్‌లో ఒక్క ఏడాది ఆడి, 2011లో ఎంవీపీ (ఆ సీజన్‌లో లీగ్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. ఒళ్లు అప్పటికే ఎన్‌బీఏకి సరిపోయేలా ఉండి, మొదటి ఐదు పిక్‌ల్లో పేరు ఖాయమైతే వెళ్లిపోవచ్చు. ఆరడుగుల కుర్రాడికి మాత్రం నేను ఆగమనే అంటాను.

విదేశీ లీగులు కూడా ఉన్నాయి. బ్రాండన్ జెన్నింగ్స్ రోమ్ వెళ్లాడు, లమెలో బాల్ ఆస్ట్రేలియా వెళ్లాడు, ఇద్దరూ బాగానే డ్రాఫ్ట్ అయ్యారు. కాలేజీకి బదులుగా కుర్రాళ్ల కోసం ఎన్‌బీఏ నడిపిన జీ లీగ్ ఇగ్నైట్ జట్టు 2024లో మూతపడింది, దాని గురించి అడగనక్కర్లేదు.

2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు ప్రకటనలకి తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు కాబట్టి, డబ్బు కోసం పరిగెత్తాలన్న తొందర కూడా తగ్గింది. కాలేజీ ఎంచుకునేటప్పుడు కోచ్‌ని మొదట అడగాల్సింది ఇదీ: ఈ ఏడాది మీ సీనియర్ గార్డ్ ఎవరు, అతను ఎప్పుడు వెళ్లిపోతున్నాడు?