రామప్ప గుడిలో గైడు: తీసుకోండి, కానీ రేటు ముందే మాట్లాడుకోండి

పాలంపేట రామప్పకి వెళ్లేవాళ్లు చాలామంది అడుగుతున్నారు, గైడు అవసరమా, వేస్టా అని. మనంతట మనం తిరిగితే నాలుగు ఫోటోలు దిగి "శిల్పాలు సూపర్" అనుకుంటూ అరగంటలో బయటపడతాం. మాకు దొరికినాయన లోకల్ మనిషే, పేరు రాయను, ఆయనతో తిరిగితే పొద్దు ఎలా పోయిందో తెలీలేదు.

ఈయనలో నచ్చిందేంటంటే కథలతో మొదలుపెట్టలేదు, లోపలికి వెళ్లకముందే గుడి చుట్టూ ఒక రౌండ్ తిప్పి కింద నుంచి పైకి ఒక్కో భాగం పేరు చెప్పాడు. ఆరడుగుల ఎత్తున కనిపించే అరుగు, అది ఉపపీఠం. దాని మీద గుడి లేచే మట్టం అధిష్ఠానం, ఆపైన గోడా స్తంభాలూ ఉన్నదంతా పాదవర్గం, కప్పు మట్టం ప్రస్తరం, ఇంకా పైకి మెడలాంటి గ్రీవం, శిఖరం, చివర కలశంలాంటి స్తూపి. మామూలుగా ఇలాంటి లిస్టు వింటే నాకు నిద్రొస్తుంది కానీ ఎదురుగా రాయిని చూపిస్తూ చెప్తుంటే మా పిల్లాడు కూడా రెండో వైపుకి వెళ్లేసరికి తనే చెప్పేస్తున్నాడు. గుడి చుట్టూ ఏనుగుల వరుస ఉంటుంది చూడండి, దాన్ని గజథర అంటారట, ఏ రెండు ఏనుగులూ ఒకలా లేవు, తొండాలు చూస్తే తెలుస్తుంది.

ఇక మదనికలు. స్తంభం నుంచి చూరు దాకా ఏటవాలుగా ఆనించిన నల్లరాతి ఆడ బొమ్మలు, మొత్తం 12. అవి చూరుని మోస్తున్నట్టే కనిపిస్తాయి. గుడి మిగతా భాగం ఎక్కువగా ఎర్రటి ఇసుకరాయి కదా, దాని మీద ఈ నలుపు తళతళలాడుతూ ఉంటుంది, 800 ఏళ్లు ఎండావానా తిన్నా ఆ నునుపు పోలేదు. వాటిలో నాగిని అనే బొమ్మని చూపించినప్పుడు ఆయన మమ్మల్ని పక్కకి జరిపి కింద నుంచి చూడమన్నాడు, అప్పుడు గానీ నడుం వంపు, ఒంటి మీద పాము చుట్టిన తీరు అర్థం కాలేదు. ఆ తర్వాత మాత్రం హైహీల్స్ వేసుకున్న మదనిక దగ్గర పది నిమిషాలు ఆపేశాడు, అందరు గైడులూ అంతే అనుకుంటా, "ఆ రోజుల్లోనే హీల్స్" అనే డైలాగ్ పక్క గ్రూపులోనూ వినిపించింది.

లోపల రంగమండపం, అంటే గర్భగుడి ముందున్న నడిమి మండపం, దాని నాలుగు స్తంభాలూ తీరిగ్గా చూడండి. ఒక చోట శిల్పం వెనక సన్నటి సందులోంచి ఫోను టార్చి వేస్తే వెలుతురు అవతలికి వచ్చింది. అంత గట్టి రాయిని అలా ఎలా తొలిచారో! మండపం అంచున కూర్చోడానికి వీలుగా ఉన్న అరుగుని కక్షాసనం అంటారు, మేం అక్కడే కాసేపు కూలబడ్డాం. నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది, దూలాలు కొన్ని పగిలాయి, అయినా గుడి నిలబడింది, పునాదిలో ఇసుక నింపి కట్టడం వల్ల అని చెప్పాడు. విమానం, అంటే గర్భగుడి మీద లేచే కట్టడం, దాని పై భాగం మాత్రం రాయి కాదు, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుక, బరువు తగ్గించడానికి. తేలే ఇటుక చూపిస్తాడేమో అనుకున్నా, ఫోన్లో వీడియో చూపించాడు, సరే.

ఇప్పుడు నచ్చనివి. రేటు ముందు చెప్పలేదు, అయిపోయాక చెప్పింది మేం అనుకున్నదానికంటే ఎక్కువ. గొడవ పెట్టుకోలేదు కానీ మీరు గేటు దగ్గరే తేల్చుకోండి. గర్భగుడి ద్వారం దగ్గర కృష్ణుడు, గోపికల శిల్పం మీద వేలితో కొట్టి సంగీతం వినిపించాడు, వినడానికి బాగానే ఉంది, కానీ రోజూ ఎంతమంది అలా కొడతారో ఆలోచిస్తే నాకు ఒళ్లు మండింది. మీ గైడుని వద్దనండి. జనం పెరిగేకొద్దీ స్పీడు పెంచేశాడు, ముందున్న నందిని చూపించడం కూడా ఏదో మొక్కుబడిగా అయింది, చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్న ఆ నంది దగ్గర కాసేపు ఆగాల్సింది.

ఇంకోటి, ఆవరణలో చిన్న మండపం కింద శాసన స్తంభం ఉంది, దాన్ని ఆయన అసలు చూపించలేదు, నేనే అడిగి తీసుకెళ్లా. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించిన సంగతి దాని మీదే ఉంది, యునెస్కో గుర్తింపు 2021 గురించి అన్నిసార్లు చెప్పి దీన్ని వదిలేయడం ఏంటో.

ఐదుకి నాలుగు ఇస్తా. ఆదివారం వద్దు, పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం రాతి నేల మీద కాళ్లు కాలిపోతాయి, పిల్లలుంటే సాక్సులు పెట్టుకెళ్లండి.