ఇంట్లో చేసే డ్రగ్ టెస్టు కిట్టు: కోడికూర తిన్న మర్నాడు మాత్రం వద్దు

అయిదుకి రెండు స్టార్లు. ఆ రెండోది కూడా కిట్టు సరిగ్గా పనిచేసినందుకు కాదు, అది తప్పు చెప్పినందుకు.

మాది గుంటూరు బ్రాడీపేట. ఇంటి ముందుగదిలో బ్లౌజులు కుడతాను. ఆయన మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తా, సీజన్లో రాత్రి పది దాటితే గానీ ఇంటికి రారు. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి వాడి తీరే మారింది. అన్నం దగ్గర తలెత్తడు. వాడు రాలేదని కాలేజీ వాళ్ల మెసేజులు. హుక్కుల డబ్బాలో నేను దాచుకున్న డబ్బులు రెండుసార్లు తగ్గాయి. ఒకరోజు ప్యాంటు నానబెట్టబోతే జేబులో కళ్లలో వేసుకునే చుక్కల మందు, పల్చటి కాగితాలున్న బుల్లి పుస్తకం దొరికాయి. ఫొటో తీసి మా చెల్లెలికి పంపితే, "అక్కా, అవి గంజాయి చుట్టుకునేవే" అంది.

ఆ సాయంత్రమే కొత్తపేట వెళ్లాను. ఆసుపత్రుల సందుల్లో తెలిసిన మొహం కనపడని మెడికల్ షాపు చూసుకుని, నోటితో అడగలేక చీటీ మీద రాసిచ్చాను. ఒక్కోటి నాలుగొందల యాభై, మూడు కొన్నా. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివన్నీ ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయని తర్వాత తెలిసింది.

విప్పితే ఒక ప్లాస్టిక్ పలక, దానికి అయిదు కిటికీలు, ఒక డ్రాపరు. టీహెచ్‌సీ అని ఉన్నది గంజాయికి. ఎంవోపీ అంటే మార్ఫిన్, నల్లమందు జాతి. మిగతావి కొకైను, యాంఫెటమిన్లు, నిద్రమాత్రల రకం. మూత్రం మూడేసి చుక్కలు వేసి అయిదు నిమిషాలు ఆగాలి. పది దాటాక చూసింది లెక్కలోకి రాదు.

ఆడవాళ్లకి ఇక్కడో మాట చెప్పాలి. మనకి అలవాటైన టెస్టులో రెండు గీతలొస్తే ఉన్నట్టు. దీంట్లో రెండు గీతలొస్తే లేనట్టు! రెండో గీత రాకపోతేనే మత్తు ఉన్నట్టు. గీత ఎంత పలచగా ఉన్నా వచ్చినట్టే లెక్క. ఇదంతా చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే, మిషను లైటు కింద పెట్టుకుని నాలుగుసార్లు చదివి అర్థం చేసుకున్నా.

సోమవారం పొద్దున్నే బాత్రూం గుమ్మంలో నిలబడి వాడి చేతికి గ్లాసు ఇచ్చాను. గొడవ చేస్తాడనుకున్నా. "నమ్మవా?" అని మాత్రం అడిగి లోపలికెళ్లాడు. గంజాయి దగ్గర రెండు గీతలొచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపే చూస్తే ఎంవోపీ దగ్గర ఒకటే గీత.

తర్వాత ఏమేం అన్నానో రాయను. పక్కింటివాళ్లు టీవీ ఆపేశారు, అంతవరకు చెబుతా.

వాడు మాత్రం కిట్టులో వచ్చిన ఆ ఇంగ్లీషు కాగితం తీసుకుని, ఫోన్లో ఏదో వెతికి, "అమ్మా, పాపీ సీడ్స్ తిన్నా ఇలా వస్తుందంట. అంటే గసగసాలు. నిన్న కూరలో వేశావుగా. నువ్వూ తిన్నావుగా. నువ్వు కూడా చేసుకో" అన్నాడు.

వేసిన మాట నిజమే. ఆదివారం కోడికూరంటే నేను గసగసాలు గుప్పెడు నానబోసి, జీడిపప్పుతో వెన్నలా నూరి వేస్తా. ఆ చిక్కదనం వాటిదే. రోషంకొద్దీ రెండో కిట్టు విప్పి నాకు నేనే చేసుకున్నా. ఎంవోపీ దగ్గర ఒకటే గీత! నలభై నాలుగేళ్లదాన్ని, టీ తప్ప ఇంకో అలవాటు లేనిదాన్ని, మార్ఫిన్ పాజిటివ్.

వాడు నా పలక చూశాడు, తన పలక చూశాడు. పకాలున నవ్వాడు. సంక్రాంతి తర్వాత వాడి నవ్వు వినడం అదే. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. తప్పయిందిరా అన్నాను.

ఆ రాత్రి నేను హుక్కులు కుడుతుంటే వచ్చి మిషను పక్కన కింద కూర్చున్నాడు. నేల మీద రాలిన దారం ముక్కలు ఏరి వేలికి చుట్టుకుంటూ, "గంజాయి మాత్రం నిజమేనమ్మా" అన్నాడు. నాలుగైదుసార్లంట. ఆఖరుసారి పది పన్నెండు రోజుల కింద. నా చేతిలో సూది అలాగే ఉండిపోయింది. ఏమనాలో తోచక, "అన్నం తిన్నావా" అని అడిగాను.

అంటే ఈ కిట్టు లేనిదాన్ని ఉందంది, ఉన్నదాన్ని లేదంది. తొమ్మిది వందలకి రెండు కిట్లు పాడుచేసుకుని నేను తెలుసుకున్నది అదీ.

తర్వాత పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్తే డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఎప్పుడో ఒకసారి తాగేవాళ్లలో గంజాయి మూడు నాలుగు రోజులే కనిపిస్తుంది, రోజూ తాగేవాళ్లలో నెల దాకా ఉండొచ్చు. వైట్‌నరు, పంక్చరు సొల్యూషను పీల్చేవాళ్లని ఈ పలక అసలు పట్టుకోదు. ఇక మార్ఫిను, ఇంటి కిట్లు మామూలుగా మిల్లీలీటరుకి 300 నానోగ్రాములు ఉంటే చాలు పట్టేస్తాయి. అమెరికాలో ఉద్యోగులకి చేసే పరీక్షల్లో ఈ గసగసాల గొడవ పడలేకే 1998లో ఆ హద్దు 2000కి పెంచారంట. కొడీన్ ఉన్న దగ్గు మందు తాగినా ఇదే తంతు. కిట్టులో ఏదొచ్చినా ల్యాబులో ఖాయం చేసుకోకుండా పిల్లాడి మీద పడకూడదని కాస్త గట్టిగానే చెప్పింది. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి వాడితో ఒక్కడితోనే చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడారో నేను అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో!

ఓపీకి వెళ్లేముందు 14446కి ఫోన్ చేశా, అది మత్తు మాన్పించే విషయాలకి డబ్బులు పడని నంబరు. 1972 అని మన రాష్ట్రంలో గంజాయి, డ్రగ్స్ అరికట్టే ఈగల్ వాళ్లది ఇంకోటి ఉంది గానీ, అది పోలీసులది, నాకు ధైర్యం చాల్లేదు.

కంపెనీ వాళ్లకి నా ఫిర్యాదు ఇదే. గుంటూరులో అమ్మే పెట్టె మీద "గసగసాలు" అన్న ఒక్క మాట తెలుగులో వేయలేరా? ఫలితం వచ్చాక ఎవరికి ఫోన్ చేయాలో ఒక నంబరు వేయలేరా?

మావాడు రెండు వారాలకోసారి ఓపీకి వస్తున్నాడు. కాలేజీ ఎగ్గొట్టడం పూర్తిగా పోలేదు. హుక్కుల డబ్బాకి తాళం ఇంకా వేస్తూనే ఉన్నా, అబద్ధం ఎందుకు. మూడో కిట్టు మిగిలింది, సీలు తీయకపోయినా షాపులో వెనక్కి తీసుకోరంట. ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తా గానీ, ముందురోజు ఇంట్లో ఏం వండారో అడిగాకే.