బెదురు కుక్కకు ఇల్లు వెతకాలంటే: దత్తత మేళా, ఫోన్ పోస్టు, ఫోస్టర్ ఇల్లు ఎంతెంత పనికొస్తాయి

వీధి నుంచి కాపాడి తెచ్చిన కుక్క మనిషి అలికిడికే మంచం కిందికి దూరుతుంటే, దానికి ఇల్లు చూడటం హుషారైన కుక్కపిల్లకు చూసినంత తేలిక కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్ళలో ఇప్పుడు మూడు దారులున్నాయి: దత్తత మేళాలు, వాట్సాప్ - ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు, ఫోస్టర్ ఇళ్ళు (సొంతిల్లు దొరికేదాకా కుక్కను తాత్కాలికంగా ఉంచుకునే ఇళ్ళు). మూడింటినీ బెదురు కుక్క వైపు నుంచి మాత్రమే తూచి ఇక్కడ మార్కులు వేస్తున్నాం.

దత్తత మేళా: 5కి 1

మేళా అనేది కుక్కపిల్లలకు సరిపోయే ఏర్పాటు. 2025 ఆగస్టులో బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో జీహెచ్ఎంసీ పెట్టింది కూడా దేశీ కుక్కపిల్లల మేళానే. రెండు మూడు నెలల పిల్ల ఒళ్ళోకెక్కి చెయ్యి నాకితే ఇల్లు దొరికినట్టే. బెదురు కుక్క అక్కడికొస్తే బోను మూలకు అతుక్కుపోతుంది, లేదా బొమ్మలా బిగుసుకుపోతుంది. మూలకు అతుక్కున్నదాన్ని ఎవరూ అడగరు. బిగుసుకుపోయినదాన్ని మాత్రం 'ఎంత నెమ్మదో, ఎవరు ముట్టుకున్నా ఊరుకుంటోంది' అని ఇష్టపడి తీసుకెళ్తారు. చిక్కంతా ఇక్కడే. భయంతో కదల్లేకపోవడాన్ని నెమ్మదితనం అనుకున్నారు. కొత్తింట్లో నాలుగైదు రోజులకు ఆ బిగుసు వదిలాక కుక్క గుర్రుమంటుంది, దాక్కుంటుంది, ఇంట్లోనే పాడుచేస్తుంది. 'మీరు చూపించిన కుక్క ఇది కాదు' అని తిరిగి పంపేస్తారు.

తేడా తెలుసుకోవడానికి ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి చాలు. మామూలుగా ఎగబడి తినే కుక్క అక్కడ ముక్కు దగ్గర పెట్టినా వాసన చూడకపోతే భయం హద్దు దాటిందన్నమాట. తోక కడుపు కిందికి పోవడం, బరువంతా వెనక కాళ్ళ మీద వేయడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, నిద్ర రాకుండానే ఆవలించడం, ఊరికే మూతి నాక్కోవడం గమనించండి. వీటిలో రెండు కనిపిస్తే వెంటనే ఇంటికి తీసుకుపోండి. మేళాకు వెళ్ళాలనుకుంటే కుక్కను ఇంట్లో ఉంచి, దాని ఫొటో, వివరాల కాగితం పట్టుకెళ్ళండి. ఆసక్తి ఉన్నవాళ్ళ నంబర్లు వస్తాయి, కుక్కకు హింస ఉండదు.

ఫోన్ పోస్టు: 5కి 3

రాసే తీరును బట్టి ఇది బాగా పనిచేస్తుంది, లేదా పూర్తిగా చెడగొడుతుంది. 'అర్జెంట్, రేపటికల్లా తీసుకోకపోతే రోడ్డు మీదే' అని రాస్తే జాలి ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తారు. జాలి కొద్దీ తీసుకున్నవాళ్ళకు, రెండు వారాలైనా కుక్క దగ్గరికి రాకపోతే మనసు కష్టపడుతుంది. పోస్టులో ఉండాల్సినవి వేరు: వయసు, బరువు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా, ఏ టీకాలు పడ్డాయి, దేనికి భయం, ఎవరి దగ్గర భయం తగ్గుతోంది. 'రెండేళ్ళ ఆడకుక్క, 14 కిలోలు, ఆపరేషన్ అయింది. మగవాళ్ళంటే, కర్ర పట్టుకున్నవాళ్ళంటే భయం. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే త్వరగా కుదురుకుంటుంది. పదేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి ఇవ్వం.' ఇలా రాస్తే ఫోన్లు తక్కువ వస్తాయి. వచ్చినవాటిలో పనికొచ్చేవి ఎక్కువ.

వీడియో అర నిమిషం చాలు. ఫోను నేల మట్టంలో పెట్టి, పగటి వెలుగులో, కుక్క అలవాటైన మనిషి చేతిలోంచి తినేటప్పుడు తీయండి. అది దాక్కునే వీడియో కూడా ఒకటి జతచేయండి. 'పిల్లలతో బాగుంటుంది' అన్న మాట, పిల్లలతో ఉండగా కళ్ళారా చూస్తే తప్ప రాయొద్దు.

ఫోన్లో అడగాల్సినవి: ఎన్నో అంతస్తు, లిఫ్టా మెట్లా, బాల్కనీ కమ్ముల మధ్య సందెంత, పగలు ఇంట్లో ఎవరుంటారు, దీపావళి రాత్రి కుక్కను ఎక్కడ ఉంచుతారు, ఇంతకుముందు పెంచిన కుక్క ఇప్పుడెక్కడుంది. ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విషయాలు చెబుతుంది. అపార్ట్‌మెంటు సంఘం ఒప్పుకోదేమో అని వెనకాడేవాళ్ళకు, పెంపుడు కుక్కల్ని సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందని చెప్పండి. అద్దె ఇల్లయితే మాత్రం యజమాని సమ్మతి కాగితం మీద తీసుకోవడం మంచిది. వదిలేయడం గురించి కూడా ముందే మాట్లాడండి. మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి వీధికుక్కను దత్తత తీసుకున్నవాళ్ళు దాన్ని మళ్ళీ వీధిపాలు చేయకూడదని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది.

ఫోస్టర్ ఇల్లు: 5కి నాలుగున్నర

బెదురు కుక్కకు అసలైన దారి ఇదే. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా చూసినవి, విన్నవి మామూలైపోతాయి. ఆ వయసులో ఇల్లెరగని కుక్కకు సీలింగ్ ఫ్యాను, కుక్కర్ కూత, మిక్సీ, లిఫ్టు తలుపు, నున్నటి టైల్స్ అన్నీ గండాలే. షెల్టరు బోనులో ఆరు నెలలున్నా వీటికి అలవాటు పడదు. ఎవరో ఒకరి ఇంట్లో నెలా నెలన్నర ఉంటేనే పడుతుంది.

కుక్కర్ కూత అలవాటు చేసేటప్పుడు వరస తప్పకూడదు. కుక్క వంటింటికి దూరంగా, తలుపు వేసిన గదిలో ఉండాలి. కూత వినపడ్డాక మాంసం ముక్క పడాలి. ముక్క ముందు వేసి తర్వాత కూత వినిపిస్తే, తిండి కనపడగానే కూత రాబోతోందని నేర్చుకుని తిండికే భయపడుతుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే. టైల్స్ మీద కాళ్ళు జారితే భయం రెట్టింపవుతుంది. అది పడుకునే చోటు నుంచి నీళ్ళ గిన్నె దాకా గోనెపట్టాలో, పాత యోగా చాపలో దారిలా పరవండి. చీపురంటే బెదిరితే, చీపురును నేలమీద పడుకోబెట్టి దాని చుట్టూ నాలుగు మెతుకులు చల్లి వదిలేయండి. చీపురును చేత్తో పట్టుకుని కుక్క దగ్గరికి తీసుకెళ్ళొద్దు.

దత్తత తీసుకునేవాళ్ళు కనీసం మూడుసార్లు ఫోస్టర్ ఇంటికి రావాలి. నేలమీద పక్కకు తిరిగి కూర్చోవాలి, కుక్క కళ్ళలోకి చూడకూడదు, చెయ్యి చాపకూడదు. మాంసం ముక్కను కుక్కకు వెనగ్గా విసరాలి. దగ్గరికి రప్పించి తినిపిస్తే తిండికి, భయానికి మధ్య నలిగిపోతుంది. వెనక్కి విసిరితే దూరం జరగగలిగిన ఊరట దొరుకుతుంది, తిని తనంతట తనే మళ్ళీ ముందుకొస్తుంది. మూడో రాకకు కూడా వాళ్ళున్న గదిలో తినలేకపోతే ఇంకో రెండుసార్లు రమ్మనండి. అందుకు విసుక్కునే ఇంటికి ఈ కుక్కను ఇవ్వొద్దు.

అర మార్కు తగ్గించడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, డబ్బు తీసుకుని ఫోస్టర్ అని చెప్పే కొన్నిచోట్ల నిజానికి ఉండేవి వరస బోనులే. కుక్క హాల్లో, మనుషుల మధ్య ఉన్న వీడియో రోజూ అడగండి. రెండు, నెలలు గడిచేకొద్దీ బెదురు కుక్క ఒక్క మనిషికే అతుక్కుపోతుంది. అప్పుడు ఇల్లు మారడం దానికి రెండో దెబ్బ. అందుకే మొదటి నెల నుంచే వేర్వేరు చేతులు తిండి పెట్టాలి.

వైద్యం సంగతి. 'మరీ నెమ్మదిగా ఉంది' అనిపించే కుక్కకు ముందు రక్తపరీక్ష చేయించండి. పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి నీరసంగా పడి ఉండటాన్ని బెదురు అనుకుంటారు. బోనుల నుంచి వచ్చిన కుక్కను రెండు వారాలు మిగతా కుక్కలకు దూరంగా ఉంచాలి, డిస్టెంపర్ అనే అంటుజబ్బు పైకి కనపడటానికి అంత సమయం పట్టొచ్చు. రేబిస్ టీకా, తొమ్మిది జబ్బుల టీకా, నులిపురుగుల మందు కార్డులో ఎక్కి ఉండాలి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు. ప్రయాణానికి భయం తగ్గించే మాత్ర కావాలంటే డాక్టరే రాయాలి. ఒక్క ఎసిప్రొమజిన్ మాత్రమే ఇస్తామంటే మరో మందు అడగండి. అది ఒంటిని మగతలో పెడుతుంది, లోపలి భయం అలాగే ఉంటుంది.

అప్పగించే రోజు, మొదటి వారాలు

ఈ దశలో డబ్బు పెట్టాల్సిన వస్తువు హార్నెస్, అంటే మెడకు కాకుండా ఒంటికి చుట్టి వేసే పట్టీలు. మామూలు రెండు పట్టీల హార్నెస్‌లోంచి బెదిరిన కుక్క వెనక్కి గుంజుకుని, మోచేతులు ముడిచి, క్షణంలో జారిపోతుంది. పక్కటెముకలు అయిపోయాక, నడుము సన్నగా ఉండేచోట మూడో పట్టీ ఉన్నది కొనండి. ఛాతీ ఆ సన్నటి పట్టీలోంచి వెనక్కి పట్టదు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, అంతకంటే వదులు వద్దు. మెడకు, లాగితే కొద్దిగా బిగిసి ఆగే మార్టింగేల్ పట్టీ వేయండి. హార్నెస్‌కు ఒక తాడు, మెడపట్టీకి ఇంకో తాడు కట్టండి. చుట్టుకుపోయే ప్లాస్టిక్ పిడి తాడు అస్సలు వద్దు. చేయి జారితే ఆ పిడి చప్పుడు చేస్తూ కుక్క వెంటే పడుతుంది, కుక్క దానికి భయపడి ఇంకా పరిగెడుతుంది.

ఆటోలో, బండి మీద తీసుకెళ్ళొద్దు. అద్దాలు వేసిన కారే కావాలి. ఇంటి లోపలికెళ్ళి, తలుపు గడియ పెట్టాకే తాళ్ళు విప్పాలి. మొదటి రెండు వారాలు చుట్టాలు రాకూడదు, స్నానం వద్దు, మంచం కిందనుంచి లాగొద్దు. వీధి తలుపు తీసేముందు కుక్క ఉన్న గది తలుపు వేసి ఉందో లేదో చూడాలి. ఒప్పందం కాగితం మీద 14 రోజుల గడువు రాసుకోండి. కుదరకపోతే కుక్క ఫోస్టర్ ఇంటికే రావాలి, మూడో చేతికి వెళ్ళకూడదు.

తప్పించుకుంటే వెంటపడొద్దు, పేరు పెట్టి అరవొద్దు. చివరగా కనిపించిన చోట అది పడుకునే గుడ్డ, తిండి పెట్టి దూరంగా కూర్చోండి. తెల్లవారుజామున, రోడ్డు మీద సందడి లేనప్పుడు వెతకండి. మరీ బెదురుదైతే పాత ఫోస్టర్ మనిషిని పిలిపించండి, ఆ గొంతుకు తెలిసిన వాసన తోడైతే ఆగే అవకాశం ఎక్కువ. అందుకే మెడపట్టీ బిళ్ళ మీద కొత్తింటి నంబరుతోపాటు ఫోస్టర్ నంబరు కూడా చెక్కించాలి.