ఫరణ్ పొట్లం: తాలింపు అదిరింది, లేబులే బాగాలేదు

విజయవాడ వన్‌టౌన్‌లో ఓ దినుసుల కొట్లో ఎండు ఫరణ్ దొరికింది. హిమాలయాల్లో పెరిగే అడవి ఉల్లి జాతి ఇది, శాస్త్రీయ నామం అల్లియం స్ట్రాచేయి. ఉత్తరాఖండ్ కొండల్లో దీని ఆకులూ పూలూ ఎండబెట్టి పప్పు తాలింపులో వేసుకుంటారు.

రుచికి వంక పెట్టలేను. నెయ్యి కాగాక చిటికెడు వేసి వెంటనే దించేయాలి, లేదంటే మాడి చేదెక్కుతుంది, కానీ సరిగ్గా కుదిరితే మన కందిపప్పుకి ఇంగువకీ వెల్లుల్లికీ మధ్యలో ఉండే ఒక ఘాటు పట్టి ఇల్లంతా వాసనొస్తుంది.

నా బాధల్లా లేబుల్‌తోనే. హిమాలయాల్లో సహజంగా పెరిగిందని పెద్దక్షరాల్లో వేశారు, అంతే. కొండ మీద ఏరుకొచ్చారా, పొలంలో పండించారా? అడిగితే "ఢిల్లీ నుంచి వస్తుందండీ, అంతవరకే తెలుసు" అన్నారు కొట్టాయన. అంతరించే ముప్పున్న మొక్కల్ని నమోదు చేసే భారత రెడ్ డేటా బుక్‌లో ఈ మొక్క వల్నరబుల్ (ముప్పు పొంచి ఉన్న) వర్గంలో ఉంది. పూలతో సహా కోసేస్తే విత్తనం ఎక్కడ రాలుతుంది? అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ పద్ధతిలో ఒక జాతిని ఆ వర్గంలో పెట్టడానికి పదేళ్లలో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువైతే అందులో, దాని సంఖ్య కనీసం 30 శాతం తగ్గిందా అని కూడా చూస్తారు, మరి ఎవరు ఎక్కడ ఎంత కోస్తున్నారో పొట్లం మీదే లేకపోతే ఆ లెక్క తేల్చేదెలా? ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లా నీతి లోయలో భోటియా అనే కొండజాతి రైతులు దీన్ని సాగు కూడా చేస్తారు. అలాంటి సరుకు ఊరి పేరుతో సహా తెప్పిస్తే ధర ఎక్కువైనా కొంటాను. ప్రస్తుతానికి మూడు స్టార్లు, అవీ రుచికే.