రిజల్ట్ రాకముందే రాస్తున్న రివ్యూ, వైజాగ్ ఫెర్టిలిటీ క్లినిక్

వచ్చే వారం నాకు ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్, అంటే ల్యాబ్‌లో తయారైన పిండాన్ని గర్భసంచిలో పెట్టడం. ముందే ఎందుకు రాస్తున్నానంటే పాజిటివ్ వస్తే డాక్టర్ దేవుడు, నెగటివ్ వస్తే దొంగ, ఆ తర్వాత ఉన్నదున్నట్టు ఎవరూ రాయరు. క్లినిక్ పేరు చెప్పను. మేం గాజువాక నుంచి వెళ్తాం.

మొదటి ట్రాన్స్‌ఫర్ ఫెయిలైంది. "ఎంబ్రియో మంచిదే, టైం కలిసి రాలేదమ్మా" అన్నారు. పీరియడ్స్ మొదటి రెండు రోజులు మంచం దిగలేనని నేను మొదటి విజిట్లోనే చెప్పా, ఫైల్లో రాసుకున్నారు కూడా, కానీ అది మళ్ళీ ఎవరూ చదవలేదు. రెండోసారి అక్కడే వేరే డాక్టరమ్మ స్కాన్ చేస్తూ గర్భసంచి వెనక గోడ ఇంత మందంగా ఉందేంటని ఆగి, ఎమ్మారై తీయిస్తే బయటపడింది: ఎడినోమయోసిస్. లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోవడమట, చీటీ వెనక బొమ్మ గీసి మరీ చూపించింది. ఇంజెక్షన్లతో రెండు నెలలు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఆపేస్తే ఆ వాపు తగ్గుతుంది, ఎంబ్రియోలు మైనస్ 196 డిగ్రీల్లో భద్రంగా ఉన్నాయి, తొందరేం లేదంది. అందరికీ పనిచేస్తుందని గ్యారంటీ లేదని కూడా ఆవిడే చెప్పింది. అందుకే నమ్మాను.

ఆ ఇంజెక్షన్ పేరు ల్యూప్రోలైడ్ డిపో, 3.75 మిల్లీగ్రాములు, ఒక్కసారి పొడిస్తే నెలంతా పనిచేసేది. సిస్టర్ పొడిలో ద్రవం కలిపి ఊపితే పాలలా తెల్లగా అయింది, వెంటనే నడుం కింద కండలో పొడిచేసింది. మొదట్లో ఆ హార్మోన్ కాస్త పెరిగి తర్వాతే పడిపోతుందని, బ్లీడింగ్ కావచ్చని చెప్పింది కూడా సిస్టరే. కౌన్సిలింగ్ రూంలో అరగంట కూర్చోబెట్టి ప్యాకేజీ రేట్లు మాత్రమే చెప్పారు!

తర్వాత మొదలయ్యాయి ఒంట్లో వేడి ఆవిర్లు, ముట్లు ఆగిపోయే వయసులో వచ్చేలాంటివి. అసలే వైజాగ్ ఉక్క, దానికితోడు అర్ధరాత్రి దిండు తడిసిపోవడం, పొద్దున లేస్తే వేళ్ళ కీళ్ళు పట్టేయడం, ఊరికే ఏడుపు. మా అమ్మ చూసి "నాకు యాభైలో వచ్చినియి, నీకు ముప్పైనాలుక్కే వచ్చేసినాయేటే" అని ఒకటే కంగారు. మందు ఆపితే పోతాయని ఆమెకి నేను చెప్పాల్సి వచ్చింది, నాకేమో ఎవరూ చెప్పలేదు. ఎముకలకి మంచిదని కాల్షియం కూడా అడిగి రాయించుకున్నా.

రెండో డోసు 28 రోజులకి. ఆ రోజు ఆదివారం పడిందని రిసెప్షన్ అమ్మాయి "మంగళవారం రండి మేడం, ఏం కాదు" అంది. అది తేల్చేది నువ్వా? సిస్టర్‌కి ఫోన్ చేస్తే ఆదివారమే రమ్మని పొడిచి పంపింది. మామూలు రోజుల్లో అయితే పదింటి అపాయింట్‌మెంట్‌కి ఒంటిగంట దాటుతుంది, టిఫిన్ డబ్బా పట్టుకెళ్ళండి.

ఇప్పుడు ట్రాన్స్‌ఫర్‌కి గర్భసంచి లోపలి పొర సిద్ధం కావడానికి ఎస్ట్రాడయాల్ మాత్రలు (ఇవీ ఈస్ట్రోజనే) నడుస్తున్నాయి, ఆవిర్లు తగ్గాయి. మూడు స్టార్లు ఇస్తున్నా. రెండు డాక్టరమ్మకి, ఒకటి సిస్టర్‌కి.