హసన్‌పర్తి దారిలో కట్టె గానుగ: పల్లీలు మీరే పట్టుకెళ్లండి, ఆడేదాకా అక్కడే ఉండండి

ఈసారి సకినాలు గానుగ నూనెలోనే కాల్చాలని అమ్మ పట్టుబట్టింది. అందుకే పండుగకు ముందు 12 కిలోల పల్లీలు ఎండబెట్టి, హన్మకొండ నుంచి హసన్‌పర్తి పోయే దారిలో ఉన్న గానుగకు తీసుకుపోయాను. ఇప్పటికి రెండుసార్లు ఆడించాను.

ఇక్కడ రోలు, రోకలి రెండూ నిజంగా కట్టెవే. బోర్డు మీద కట్టె గానుగ అని రాసి లోపల ఇనుప రోలు పెట్టిన చోట్లు నేను చూశాను కాబట్టి ముందు ఇదే చెబుతున్నాను. నడిపేది మోటారే అయినా రోకలి ఎద్దు తిప్పినంత నిదానంగా తిరుగుతుంది, నూనె చేతికి గోరువెచ్చగా తగులుతుంది, అంతే. కిందటేడు ఎక్స్‌పెల్లర్ మిల్లులో పట్టిస్తే స్క్రూ ఒత్తిడికి వేడెక్కి మాడు వాసనతో వచ్చింది, అయితే నూనె మాత్రం అక్కడే కాస్త ఎక్కువ దిగింది, అది ఒప్పుకోవాలి.

మధ్యలో రోట్లో నీళ్లు చల్లుతుంటే నాకు టెన్షన్ వచ్చి అడిగాను. "నీళ్లు తగిల్తెనే నూనె ఇడుస్తది తమ్మీ, నువ్వులకైతే బెల్లం ఏస్తం" అంది గానుగ చూసుకునే అక్క. కాసేపటికి పిండి గట్టిపడి నూనె విడిపోయి కారడం కళ్లారా చూశాను.

12 కిలోలకు 4 కిలోల 600 గ్రాములు దిగింది. లీటరు పల్లి నూనె 910 గ్రాముల చుట్టూ తూగుతుంది కాబట్టి అది 5 లీటర్లు, అంటే లీటరుకు దాదాపు రెండున్నర కిలోల పల్లీలు. ఎక్కడైనా గానుగ నూనె సీసా కొనేటప్పుడు ఈ లెక్క వేసుకోండి, పల్లీల ఖరీదుకే నూనె ఇస్తామంటే నేనైతే నమ్మను.

నాకు నచ్చనివి రెండున్నాయి. మొదటిసారి నాకంటే ముందు నువ్వులు ఆడించారు, రోలు సరిగ్గా తుడవకుండానే మా పల్లీలు పోశారు, నూనెలో ఆ వాసన తెలిసిపోయింది. రెండోది నూనె దిగాక మిగిలే పిండి. అడగకుండానే పక్కన పెట్టేసుకున్నారు, అడిగితే "కూలీ తక్కువ తీసుకునేది అందుకే" అన్నారు. ఆ మాట పల్లీలు పోయకముందే చెప్పాలి కదా! పల్లీలో దాదాపు సగం నూనే ఉంటుంది, గానుగకు దిగనిదంతా పిండిలోనే మిగులుతుంది, బర్రెలున్న ఇంటికి అది బంగారం. రెండోసారి కూలీ పూర్తిగా ఇచ్చి పిండి తెచ్చుకున్నాను, పొద్దున్నే పోయి రోలు దగ్గరుండి తుడిపించాను, విసుక్కోకుండా చేశారు.

తెచ్చిన రోజే గారెలు వేస్తే మూకుడు అంచుదాకా నురగ పొంగింది. అది కల్తీ కాదు, మడ్డి దిగకపోవడం. స్టీలు గిన్నెలో పోసి పైన బట్ట కట్టి మూడు రోజులు కదపకుండా ఉంచి, పైన తేరిన నూనె మాత్రం వంచుకుంటే సకినాలు ఏ గొడవా లేకుండా కాలాయి, తింటుంటే పల్లి రుచి తెలుస్తోంది.

వాళ్లు నూనె ప్లాస్టిక్ డబ్బాల్లో పోస్తారు, స్టీలు క్యాను మీరే పట్టుకెళ్లండి. మెత్తబడ్డ పల్లీలు, బూజు వాసన వచ్చేవి మాత్రం తీసుకుపోవద్దు, ఎంత మంచి గానుగైనా ఆ నూనె తినడానికి పనికిరాదు. ఎండాకాలం తొక్కులకు నువ్వులు కూడా ఇక్కడే ఆడిస్తాను.