తాతగారి నాణేలు: గోడకా, ఆల్బమ్‌లోకా, సీసాలోకా?

ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక బీరువా అడుగున పాత నాణేల డబ్బా ఒకటి బయటపడుతుంది. అందులో ఏముంటాయో తెరవకుండానే దాదాపు చెప్పొచ్చు. జార్జి రాజు బొమ్మ రూపాయలు నాలుగైదు, చదరపు బేడలు (రెండణాల బిళ్ళలు), అలల అంచు అణాలు, చిల్లు కానీలు, అడుగున గుప్పెడు అల్యూమినియం పైసలు. హైదరాబాదు వైపు కుటుంబమైతే చార్మినార్ ఉన్న ఉస్మానియా సిక్కాలు కూడా. యూట్యూబ్‌లో చెప్పే లక్షల బేరాలు వినడానికే బాగుంటాయి, ఇలాంటి డబ్బాలో మామూలుగా దొరికేవన్నీ మామూలు నాణేలే. అయినా అమ్మబుద్ధి కాదు, మళ్ళీ బీరువాలో మూలపడేయబుద్ధీ కాదు. హాల్లో నలుగురికీ కనబడేలా పెడితే బాగుండు అనిపిస్తుంది.

అందరికీ మొదట తట్టేది గోడకు ఫ్రేమ్. లోతుగా, ముందు అద్దంతో ఉండే పెట్టె లాంటి ఫ్రేమ్‌లు ఇప్పుడు ఫొటో ఫ్రేమ్ షాపుల్లో చేసిస్తున్నారు. ముదురు రంగు మౌంట్ బోర్డు మీద వెండి రూపాయలు వరసగా పెడితే ఆ గోడకే కళ వస్తుంది, ఒప్పుకోవాల్సిందే. వచ్చిన చుట్టం కాఫీ చల్లారేదాకా దాని ముందే నిలబడతాడు. బరువు గురించి భయం అక్కర్లేదు. బ్రిటిషు వెండి రూపాయి తులం, అంటే 11.66 గ్రాములు. ముప్ఫై రూపాయలు పెట్టినా 350 గ్రాములు దాటదు. అసలు బరువు అద్దానిది, చెక్కది. కాబట్టి అంటించే హుక్కులు కాకుండా గోడకు స్క్రూ కొట్టించండి.

గోడ ఫ్రేమ్‌కు పెద్ద లోపం ఒకటుంది. నాణేనికి రెండు ముఖాలు, గోడ మీద కనబడేది ఒకటే. 1947 రూపాయి తీసుకోండి. ఒక వైపు జార్జి రాజు తల, రెండో వైపు నడుస్తున్న పులి. ఏది చూపిస్తారు, ఏది దాస్తారు? చార్మినార్ రూపాయిలో చార్మినార్ ద్వారం మధ్య ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిదైతే ‘ఐన్’, అంతకు ముందు మహబూబ్ అలీ ఖాన్‌దైతే ‘మీమ్’. వెనకవైపు పారశీక లిపిలో చక్కటి అల్లిక. స్వాతంత్ర్యం తర్వాతి పైసల్లో సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో అచ్చయిందన్నమాట. అందంగా ఉందని సింహాల బొమ్మ వైపు పైకి పెట్టారా, ఆ నక్షత్రం బోర్డు వైపుకు తిరిగిపోయినట్టే.

ఇక అంటించే పద్ధతి. షాపువాడు గ్లూ గన్ తీస్తే వద్దని చెప్పండి. డబుల్ టేపు కూడా వద్దు. ఏడాది తర్వాత నాణెం తియ్యబోతే జిగురు మరక దానితోనే వస్తుంది. ఒక్కో నాణేన్నీ దాని సైజు పారదర్శక క్యాప్సూల్‌లో, అంటే నాణెం పట్టే చిన్న మూత డబ్బీలో పెట్టి, ఆ క్యాప్సూల్‌ను బోర్డులో కోసిన గుంటలో బిగిస్తే సరిపోతుంది. వెనకాల ఉన్ని బట్ట గానీ రబ్బరు షీటు గానీ వేస్తే వెండి నల్లబడుతుంది, వాటిలోని గంధకం చేసే పని అది. కొత్త ప్లైవుడ్, తడి ఆరని ఫెవికాల్ నుంచి వచ్చే ఆవిరి కూడా లోహానికి పడదు. ఫ్రేమ్ చేయించాక కొన్నాళ్ళు ఖాళీగా గాలికి వదిలి, ఆ తర్వాతే నాణేలు బిగించండి.

ఏ గోడకు తగిలించాలన్నది చాలామంది అడగరు. బాత్రూమ్‌తో కలిసిన గోడకు, వానాకాలంలో చెమ్మ ఊరే పడమటి గోడకు వద్దు. పూజ గది పక్కన పెట్టాలని మనసు లాగుతుంది గానీ, కర్పూరం మసి, నూనె దీపం జిడ్డు అద్దం సందుల్లోంచి దూరతాయి. కాకినాడ, విశాఖలాంటి ఊళ్ళలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పుకు రాగి, కంచు కానీల మీద పచ్చటి పొడి లేస్తుంది. అలాంటి చోట సీలు సరిగా లేని ఫ్రేమ్ కన్నా బీరువాలో డబ్బానే నయం.

రెండో దారి ఆల్బమ్. ఒక్కో జేబులో ఒక్కో నాణెం, పేజీ తిప్పితే రెండో ముఖం. టీపాయ్ మీద మంచి అట్టతో ఉన్న ఆల్బమ్ పెడితే అదీ అలంకరణే, కాకపోతే ఎవరో ఒకరు తెరవాలి. మా పెద్దమ్మ మాత్రం ఆల్బమ్ పక్షమే. “గోడకు బిగించేస్తే నేను చేత్తో ఎలా చూసుకుంటానురా?” అంటుంది. ఆవిడకు దూరపు చూపు ఆనదు, నాణేన్ని కంటి దగ్గరకు తెచ్చుకుంటే గానీ ఏడాది కనబడదు. నాకూ ఆ మాటలో న్యాయం ఉందనిపిస్తుంది. చిల్లు కానీని వేలి కొనకు తగిలించుకుని తిప్పితే, చిల్లు చుట్టూ ఉన్న ఆకుల దండ వేలికి తగులుతుంది. 1943 నుంచి కొద్దికాలమే వచ్చిన ఆ నాణేన్ని అద్దం వెనక పెడితే అదొక వాషర్‌లా కనబడుతుంది.

ఆల్బమ్‌లో ఉన్న ప్రమాదం ప్లాస్టిక్. తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన గుప్పుమంటే అది పీవీసీ అని అనుమానించండి. పీవీసీ మెల్లగా ఆమ్లం వదులుతుంది, నాణెం మీద ఆకుపచ్చ జిగట పేరుకుంటుంది. మైలార్, పాలీప్రొపిలీన్ పేజీలు అడిగి కొనండి. అట్ట చట్రాల్లో పెట్టి స్టాప్లర్ కొట్టే పద్ధతి చవక గానీ, పిన్నులు తుప్పు పడతాయి, పక్క నాణేన్ని గీస్తాయి. పిన్నుల మొనలు నొక్కి చదును చేయాలి.

మూడోది గాజు సీసా, లేదా పెద్ద గాజు గిన్నె. షోకేసులో పెడితే ముచ్చటగా ఉంటుంది, పిల్లలు చెయ్యి పెట్టి గలగలలాడిస్తారు. మూడు పైసల ఆరు మూలలు, పది పైసల పూరేకు అంచు, చదరపు ఐదు పైసలు, ఇవి అల్యూమినియంవైతే వాటికిది సరైన చోటు. 25 పైసలు, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30తో చెలామణీ నుంచి పోయాయి. ఇళ్ళలో ఇప్పటికీ దోసిళ్ళకొద్దీ ఉన్నాయి, ఒరుసుకున్నా కొంప మునగదు. వెండి, రాగి మాత్రం ఆ సీసాలో కలపకండి. గీతలు పడతాయి, పైగా చెమ్మలో వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తినేస్తాయి.

అద్దం బల్ల కింద పరిచే పద్ధతీ ఉంది. దాని మీద పేపరు, టీ కప్పు, రిమోటు చేరతాయి, కింద ఏముందో ఇంట్లోవాళ్ళకే గుర్తుండదు. అద్దం సందులోంచి టీ కారితే మరీ కష్టం. నేనైతే వద్దంటాను.

ఈ మూడింటిలో ఏది మేలని అడిగితే, డబ్బా మొత్తాన్ని ఒకే చోట పెట్టాలన్న పట్టుదల వదిలేయమంటాను. కథ ఉన్న నాణేలు డబ్బాలో పదో పన్నెండో ఉంటాయి. తాతగారి మొదటి జీతంలోంచి దాచిన రూపాయి, అమ్మమ్మ లక్ష్మీపూజలో వాడిన కమలం బొమ్మ ఇత్తడి 20 పైసలు, ఎవరో ముడుపు కట్టిన పావలా. గోడకెక్కాల్సినవి అవే, కింద రెండు ముక్కల చీటీతో. చీటీ లేకపోతే పదేళ్ళ తర్వాత అది ఎవరి రూపాయో పిల్లలకు తెలియదు. చోటుంటే ముందూ వెనకా అద్దం ఉండి, బల్ల మీద నిలబెట్టే ఫ్రేమ్ చేయించండి. రెండు ముఖాలూ కనబడతాయి, ధర కాస్త ఎక్కువ. మిగతా వెండి, రాగి ఆల్బమ్‌కు, అల్యూమినియం సీసాకు.

బొమ్మల కొలువు పెట్టే ఇల్లయితే ఇంకో సౌకర్యం. ఆల్బమ్‌లోంచి కొన్ని తీసి, క్యాప్సూల్‌తో సహా కొలువులో ఒక మెట్టు మీద సర్దితే పేరంటానికి వచ్చినవాళ్ళందరూ చూస్తారు. పండగ అయ్యాక మళ్ళీ లోపలికి. ఏడాదంతా గోడ మీద ఉండేవాటిని చూసీ చూసీ కళ్ళు అలవాటుపడిపోతాయి, ఏడాదికోసారి వచ్చేవాటిని వంగి మరీ చూస్తారు.

ఫ్రేమ్‌కైనా ఆల్బమ్‌కైనా ముందు పీతాంబరి, చింతపండు, నిమ్మకాయ దూరంగా పెట్టండి. రాగి చెంబు తోమినట్టు తోమితే మెరుస్తాయి నిజమే, కానీ బొమ్మ గీతలు అరిగిపోతాయి, నాణెం విలువా పోతుంది. అమ్మమ్మ 20 పైసల మీద కమలం రేకుల సందుల్లో ఎండిపోయిన కుంకుమ ఉంటే ఉండనివ్వండి, దాని కోసమే కదా ఆ నాణెం దాచుకున్నది. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి, చెమట వేలిముద్ర కంచు మీద శాశ్వతంగా నిలిచిపోతుంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తమ్ముడు “నాకూ ఒక ఫ్రేమ్ చేయించి పంపు అక్కా” అంటే మాత్రం జాగ్రత్త. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువే, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. విక్టోరియా రాణి రూపాయి, ఎడ్వర్డ్ రూపాయి, 1918 నాటి జార్జి రూపాయి అన్నీ ఆ లెక్కలోకి వచ్చేస్తాయి. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి పంపితే ఎయిర్‌పోర్టులో టెన్షన్ తప్పదు. తమ్ముడి ఫ్రేమ్‌కు నయాపైసలు, కమలం 20 పైసలు, 1947 పులి రూపాయి ఏరండి. వందేళ్ళు దాటినవి ఇక్కడి గోడకే.